పిల్లి నిష్ఠ

పిల్లికి పాలు పడవంటే ఎవరూ నమ్మరు. పిల్లి పుట్టిందే పాలు తాగేదానికి అన్నట్ల నా మొగం చూసి నవ్వుతారు. మా పిల్లికి పడేటివి కావప్పా, ఏం చెయ్యమంటారు? ఒక గరిటెడు తాగిందంటే చాలు, పొద్దు గూకేలోపల బేదులు. మగ్గం గుంత పక్కన, ఎర్రగడ్డల గంప వెనక, యాడ పడితే ఆడ. కడిగేది ఎవరు? నేనే. నవ్వేవాళ్ళు ఒక్కరన్నా చీపురు పట్టుకోని వచ్చినారా?

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి నేను కోడలుగా వచ్చినా. మా పుట్టిల్లు శింగనమల చెరువు కింద. నేతగాళ్ళ ఇంట్లో పిల్లిని ముద్దుకు పెంచరు. పడుగుకు, అదే మగ్గం నిలువు పోగులకు, బియ్యం గంజి పెడతాం గదా, ఆ వాసనకు ఎలకలు వస్తాయి. వచ్చిన ఎలక గంజి నాకి ఊరికే పోతుందా? పోగులు కొరికి పెడతాది. ఒక పక్క కొరికిందంటే మా ఆయన మగ్గం గుంతలో కూచోని ఆ తెగిన పోగులన్నీ ఒక్కొక్కటే ముడేసుకుంటా పోవాల్సిందే. నేత ఆగిపోతాది, కూలి ఆగిపోతాది, పొయ్యి ఆగిపోతాది. అందుకే పుట్టింటి నుంచి ఒక పిల్లికూనను గంపలో పెట్టుకోని బస్సెక్కి తెచ్చుకున్న్యా. బూడిద రంగుది, ఆడది. వేట బాగా నేర్చింది. కడుపే, దేవుడు దాని కడుపు చేసేటప్పుడు నిద్రపోయినట్లుండాడు.

పెరుగన్నం పెడితే పొట్ట ఉబ్బేది. రాగిసంగటి పెడితే మింగి, రవ్వంత సేపటికి ముద్దకు ముద్ద కక్కేది. ఎలకను పట్టినా సగం తిని సగం బయటికి తెచ్చేది. ఎన్నో పెట్టి చూసినాక చివరికి ఒకటి పడింది. చెరువులో వల దులిపినాక మిగిలే సన్న చేపలు. వాటిని ఎవరూ కొనరు. అడిగితే పట్టేవాళ్ళు చేటలో ఊరికే పోస్తాండ్రి. వాటిని ఉప్పు లేకుండా, పసుపు లేకుండా, ముల్లు మెత్తబడేదాకా ఉడకేసి, పిడికెడు అన్నంలో పిసికి పెడితే తిని, మూతి తుడుచుకోని, మగ్గం కింద పండుకునేది. కక్కేది కాదు. ఆ పొద్దు నాకు ఎంత నిమ్మళమో చెప్పలేను.

అంతలో కరువు వచ్చింది. మాకు కరువు కొత్తేం కాదు, ఎనభైలు మొదలైన ఆ కాలంలో వచ్చింది మాత్రం మహా పాపిష్టిది. చెరువులు నెర్రెలిచ్చినాయి. చేలో బుడ్డలు, అదే వేరుశనగ, ఎండి, చెట్టు పీకితే వేరుకు ఒక గింజ లేకపాయ. చేలల్లో తిండి లేని ఎలకలన్నీ ఊరి మీద పడినాయి. అటు చూస్తే చేప లేదు, ఇటు చూస్తే ఎలకలు ఎక్కువైనాయి. కరువులో అధికమాసం అంటారు గదా, అదీ మా బతుకు.

సంతలో ఎండుచేపలు దొరుకుతాండె. చవకే. తెచ్చి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నానబెట్టి చూసినా. ఉప్పు పోతే గదా! తిన్నాక కుండ దగ్గరికి పోయి నీళ్ళు తాగడం, తాగి కక్కడం. చివరికి కోడిగుడ్డు పడింది. మా వీధి కొసన ఒక సాయిబుల ఇల్లుండె. ఆ ఇంటామెకు కోళ్ళుండె. గింజల్లేక అవీ బక్కచిక్కి ఎప్పుడో ఒక గుడ్డు పెడతాండె. ఆ గుడ్డు ఆమె నాకోసం దాచిపెట్టేది. ఉడకేసి, సగం పొద్దున, సగం మాపుసారి, మెత్తన్నంలో పిసికి పెడితే నిలిచేది. మనుషులకు గంజి లేని కాలంలో పిల్లికి గుడ్డంట అని వీధంతా నోరు నొక్కుకున్నారు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనెంట అని మొగమ్మీదే అనింది ఒకామె. పోగు తెగితే నువ్వొచ్చి అతుకుతావా అని అడిగినా.

అట్ల ఎట్లనో నెట్టుకొస్తాంటే, వీధి పెద్దలు మా ఇంటికి వచ్చినారు. సావుకార్లు పట్టు ఇవ్వడం మానేసినారు, మగ్గాలన్నీ బూజు పట్టినాయి, సగం మంది బెంగుళూరికి కూలికి పోయినారు. వాన పడాలంటే అమ్మవారికి చీర నేసి కట్టాలని తీర్మానం చేసుకున్నారు. తలా ఇంత వేసి పట్టు కొన్నారు. ఆ చీర మా మగ్గమ్మీదే నెయ్యాలన్నారు. ఎందుకంటే మా అత్త నిష్ఠ అంటే వీధి మొత్తానికి గురి. చిన్న వయసులోనే మామ పోతే, ఒక్క కొడుకును పెట్టుకోని, ఒక్క శుక్రవారం తప్పకుండా ఉపాసం ఉండి ఇల్లు నిలబెట్టిన మనిషి. ఆమె మాటకు ఎదురు లేదు. మా ఆయనకైతే అసలే లేదు.

అమ్మవారి చీర మగ్గమ్మీద ఉన్నన్నాళ్ళూ ఇంట్లోకి నీసు రాకూడదు. మాంసమూ చేపా గుడ్డూ గడప దాటకూడదు, తిన్న నోరు మగ్గం దగ్గరికి పోకూడదు. ఎవరన్నా తప్పితే ఆ పొద్దు నేసిన బట్టంతా ఇప్పేయాల. ఇది మా వాళ్ళలో పాత కట్టు. నాకూ తెలుసు, మాకేం కష్టమూ లేదు. కరువులో మాకు నీసు యాడిది? అయితే పడుగు ఎక్కిచ్చిన పొద్దు, టెంకాయ కొట్టి, వాన కోసమని మొక్కుకోని, అత్త అందరినీ చూసి అనింది: "ఇంట్లో నోరుండే ప్రతిదీ నిష్ఠలో ఉండాల." అని పిల్లి వైపు చూసింది.

ఎగతాళి అనుకున్న్యా. కాదు. పిల్లికి నిష్ఠేందత్తా, అది నీ మాదిరి మొక్కుకుందా అని అడిగినా. అది మగ్గం కింద తిరుగుతాది గదా, నీసు తిన్న నోటితో పడుగును తాకుతాది గదా అనింది. అట్లయితే మా పుట్టింటికి పంపిచ్చేద్దామంటే, ఎలకలు కొరికితే వీధి మొత్తం వేసిన పట్టుకు నువ్వు జవాబు చెప్తావా అనింది. అదీ నిజమే. మళ్ళీ పట్టు కొనేదానికి ఎవరి దగ్గరా దుడ్లు లేవు. మరి ఎలకను పట్టి తింటే అది నీసు కాదా అన్న్యా. పిల్లి తిరిగితే చాలు, ఆ వాసనకే ఎలక రాదు, వేట అక్కరలేదు అనింది. ఈ తర్కం యాడ నేర్చుకుందో ఏమో! మా ఆయన పలుపు కట్టిన ఎద్దు మాదిరి గుంతలో తల వంచుకోని కూచున్నాడు.

పిల్లి పోతే చీర ఉండదు. పిల్లి ఉంటే దానికి తిండి ఉండదు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయినా నేను.

మళ్ళీ మొదలుపెట్టినా. మేకపాలు తేలిక అంటే, ఊరి బయట మేకలు కాసే ఆమె దగ్గర ముంతలో తెచ్చి, సగానికి సగం నీళ్ళు కలిపి పోసినా. బేదులు. పలచని మజ్జిగలో అన్నం పిసికి వడకట్టి పోసినా. బేదులు. బొరుగులు నీళ్ళలో నానేసి మెత్తగా చేసి పెడితే వాసన చూసి మొగం తిప్పుకునింది. గుమ్మడికాయ ఉడకేసినా. బుడ్డలు నూరి పాలు తీసి పోసినా, అది అసలే నూనె, కక్కి కక్కి నేలకు అతుక్కుపాయ. రాగిజావ ఉప్పు లేకుండా కాచి అత్త తన చేత్తో పోసింది. నాలుగు గుక్కలు తాగింది, సగం నిలిచింది. అదొక్కటే సగమన్నా నిలిచింది. ఇంక పొద్దున జావ, మాపుసారి జావ. జీలకర్ర నీళ్ళు, వాము నీళ్ళు, ఎవరేం చెప్తే అది. తినేదానికి లేని ఇంట్లో పిల్లికి ఇన్ని వంటలు చేసినా, ఒక్కటీ దానికి పడలే. ఏడుపు వచ్చేది నాకు. ఎవరి ముందర ఏడవాల?

దాని వెన్నెముక పైకి తేలింది. వెంట్రుకలు నిక్కబొడుచుకోని బొచ్చు ఊడతాండె. నేను పొయ్యి దగ్గర కూచుంటే వచ్చి నా కాళ్ళ మీద తల పెట్టి కండ్లు మూసుకునేది. అరిచేది కూడా కాదు. అరిస్తే నాకు బాగుండు.

ఒక పొద్దు తట్టుకోలేకపోయినా. అత్త గుడికి పోయింటే, పిల్లిని కొంగులో చుట్టుకోని సాయిబులామె పెరట్లోకి పోయినా. గడప దాటకపోతే చాలనుకున్న్యా. ఆమె గుడ్డు ఉడకేసి ఇచ్చింది. పిల్లి తినింది చూడండి, నా వేళ్ళు కూడా నాకింది. తిన్నాక ఎండలో కూచోని మూతి తుడుచుకునింది. చానా దినాల తరవాత అది మూతి తుడుచుకోవడం చూసినా. కొంగుతో దాని మూతి నేనూ తుడిచి, ఏమీ తెలీనట్ల ఇంటికి తెచ్చినా.

అత్త వచ్చి పిల్లిని ఎత్తుకోని మూతి వాసన చూసింది. పసుపునీళ్ళు తెచ్చి దాని మూతి కడిగింది. అది గింజుకుంటా ఉంటే మూతి పట్టుకోని కడిగింది. ఆ పసుపునీళ్ళు నాకి నాకి, తిన్న గుడ్డంతా నా కండ్ల ముందరే కక్కేసింది. కొడుకు వైపు తిరిగి, ఇప్పేయి నాయనా అనింది.

మా ఆయన ఆ పొద్దు నేసిన బట్ట ఇప్పినాడు. జరీ పోగు ఒక్కొక్కటే వెనక్కి లాగి చుట్టుకుంటా ఉంటే, నేను స్తంభానికి ఆనుకోని చూస్తా నిలబడినా. నేసేదానికన్నా ఇప్పేది కష్టం. పోగు తెగకూడదు, మెరుపు పోకూడదు. మనిషి చెమటతో తడిసిపోయినాడు. అంతా అయినాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "మళ్ళీ పెట్టాకు. చీర అయిపోతేనే దానికి తిండి. నువ్వు పెట్టేకొద్దీ చీర దూరమైతాది."

గుడ్డు పెడితే దాని ఆకలి పొడుగైతాది, పెట్టకపోతే అది చస్తాది. నాకు ఆ అమ్మవారి మీద కూడా కోపమొచ్చింది. తల్లివి గదా, ఒక పిల్లి కడుపు కాల్చి నీకు చీర కావాల్నా అని గోడకు తిరిగి తిట్టుకున్న్యా. పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా? నా శాపానికి వాన పడుతుందా? మగ్గం చప్పుడు వింటా, త్వరగా కానీ, త్వరగా కానీ అని లోపలే గొణుక్కుంటాంటి. ఆయన పొద్దు పొడవకముందే గుంతలో దిగుతాండె, అన్నం కూడా ఆడికే తెచ్చియ్యమంటాండె. పిల్లి కోసమే అని నోరు తెరిచి చెప్పలే. నాకు తెలుసు.

చీర కొంగు దగ్గరికి వచ్చింది. మధ్యాహ్నం, ఎండ నిప్పులు పోస్తాండాది. ఆయన నీళ్ళకని బయటికి లేచినాడు. నేను కండెలకు పోగు చుడతాండా. అత్త గోడ వారన జపమాల పట్టుకోని కూచోనుండాది. అప్పుడు చూరులో నుంచి ఒక ఎలక దిగింది. పట్టపగలు! ఇంట్లో పిల్లి ఉండాదన్న భయమే లేదు దానికి. తిన్నగా పడుగు మీదికి నడిచింది. నేను లేచేలోపల పిల్లి లేచింది. యాడ దాచిపెట్టుకునిందో ఆ సత్తువ, ఒక్క దుముకు. ఎలక మెడ పట్టుకోని పడుగు మీద నుంచి కింద పడింది. ఒక్క పోగు తెగలే, ఒక్క గోరు తగలే.

నోట్లో ఎలకతో అట్లే పడుకోనుండాది, లేచేదానికి బలం లేక. తినేదానికి మొదలుపెట్టింది. అంతలో మా ఆయన లోపలికి వచ్చినాడు. చూసినాడు. అమ్మ వైపు చూసినాడు. కట్టు కట్టే. వంగి, పిల్లి నోట్లో నుంచి ఎలకను లాగి, తోక పట్టుకోని బయట పారేసి వచ్చినాడు. వేరే పిల్లయితే చెయ్యి చీల్చేది. ఇది గుర్రుమనలే. ఎలక పడి ఉన్న తావున నేలను నాకింది. నాకి నాకి, ఇంకేమీ లేదని తెలిసి, లేచి తూలుకుంటా పోయి మళ్ళీ పడుగు కింద కూచునింది. కావిలికి.

నేను కండె నేలకేసి కొట్టి, ఇంక ఈ ఇంట్లో ఉండనని లేచినా. మా ఆయన రెండు చేతులతో మొగం మూసుకున్నాడు. అత్త జపమాల కింద పెట్టింది. ఆమె కండ్లల్లో నీళ్ళు నేను ఆ పొద్దే చూసినా. నన్ను పిలిచి అనింది: "మొక్కుకునింది నేను. నోరులేని దానికి మొక్కేముండాది? బిడ్డ బదులు తల్లి ఉపాసం ఉండేది లేదా, దాని నిష్ఠ కూడా నేనే పడతా. పో, సాయిబులామె ఇంటికాడ దానికి గుడ్డు పెట్టుకోని రా."

మా వాళ్ళల్లో అది ఉండాది. జబ్బు పడిన బిడ్డ బదులు తల్లో అవ్వో మొక్కు మోస్తుంది. ఆమె మోస్తానంటే పిల్లికి కట్టు లేదు, బట్ట ఇప్పే పని లేదు. నేను పిల్లిని ఎత్తుకోని ఎండలో కాళ్ళు కాలుతాంటే పరిగెత్తినా. కొంచెమే తినింది, నిలిచింది. మాపుసారి ఇంకొంచెం. మెల్లమెల్లగా మనిషి మాదిరి కోలుకునింది.

అయితే అత్త మాట ఊరికే అనలే. పిల్లికి మనం ఏం పెట్టినామో అదే నేనూ తింటా అనింది. ఉప్పు లేని రాగిజావ, పొద్దున రెండు గుక్కలు, మాపుసారి రెండు గుక్కలు. ఇంకేమీ ముట్టలే. నేను తిట్టినా, బతిమాలినా, గిన్నె ఎత్తి కొట్టినా. చీర అయిపోయింది. మేళతాళాలతో తీసుకపోయి అమ్మవారికి కట్టినారు. ఆ పొద్దు నిష్ఠ విడిచి మేమంతా అన్నం తిన్న్యాం. ఇంక చాలత్తా అని కూరన్నం ముందర పెట్టినా. నా మొక్కు చీరకు కాదమ్మా, వానకు అని గిన్నె నూకేసింది. వానదేముండాది, దాని బుద్ధి దానిది. రాలే.

ఆ ముసలి కడుపుకు ఏం పడుతుందో అని మళ్ళీ నేనే వెతుక్కున్న్యా. జావలో రవ్వంత బెల్లం దాచిపెడితే కనిపెట్టి పారబోసింది. పిల్లిని తొడ మీద పెట్టుకోని, దాని వీపు నిమురుకుంటా, బాగా తింటాండాదా అని నన్ను అడిగేది. తింటాండాది, నువ్వు తినవా అని నేను అరిచేదాన్ని. నాకు ఇప్పటికీ ఆమె మీద కోపమే. ఇంత చిన్న విషయానికి అంత పెద్ద మాట ఎవరు ఇయ్యమన్నారు? ఒక పొద్దు ఎండ ముదిరినాక, గోడకు ఆనుకోని కూచున్న మనిషి కూచున్నట్లే ఒరిగిపోయింది. మోసేటప్పుడు నలుగురికీ బరువే తెలీలేదంట.

మరుసటి పొద్దున ఇల్లంతా కడిగి, ఏం చెయ్యాలో తెలీక నిలబడినా. సాయిబులామె వచ్చి, ఉడకేసిన గుడ్డు ఒకటి నా చేతిలో పెట్టి పోయింది. అది వేడిగా ఉండాది. పొట్టు తీసి, మెత్తన్నంలో పిసికి, పిల్లి ముందర పెట్టినా. మొత్తం తినింది. కక్కలే.